కుంగిన గుమ్మం

కూలబోయే గోడకి ఇనప జాకీలు బిగించిన మనిషి వెళ్ళిపోయాక కూడా ముందు గదిలో అడుగు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ గదిలో, శవపెట్టెలో పడుకున్న క్లిఫర్డ్ హోయిల్ ఒక్కడికే ఏ భయమూ లేదు.

నిన్న సాయంత్రం ఆయన్ని ముందు తలుపులోంచే లోపలికి తెచ్చారు. ఏళ్ళ తరబడి ఎవరూ తియ్యని తలుపది. కొడుకు కీత్ భుజం ఆనించి తోస్తే మూలుగుతూ తెరుచుకుంది. పెట్టె లోపలికొచ్చాక కీత్ మళ్ళీ బలమంతా పెట్టి తలుపు లాగి వేశాడు. వేసిన మరుక్షణం గుమ్మం నెత్తిన నిలువుగా పేర్చిన ఇటుకల వరస జారి, కింద ఉన్న ప్లాస్టిక్ దర్వాజా మీద కూచుంది. పెట్టె మూత మీద ఎర్రటి పొడి రాలింది.

తెల్లారేసరికి పగులు మెట్లు మెట్లుగా మేడమీది కిటికీ దాకా పాకింది. జాకీల మనిషి చూసి తల అడ్డంగా ఊపాడు. గుమ్మం మీద ఇటుకల బరువు మోసే అడ్డదూలం, లింటెల్ అన్నదే లేదు. పక్కనున్న కిటికీ మీదా లేదు. పైగోడ బరువంతా ఆ తెల్ల ప్లాస్టిక్కే మోస్తోంది. ఇప్పుడు తలుపు తీసినా, కిటికీ ఊడదీసినా గోడ వీధిలో ఉంటుంది. ఇనప దూలం దూర్చి నిలబెట్టాలంటే ముందు గది ఖాళీ చెయ్యాలి. గది ఖాళీ కావాలంటే క్లిఫర్డ్ బయటికి వెళ్ళాలి. క్లిఫర్డ్ వెళ్ళాలంటే తలుపు తియ్యాలి.

అంత్యక్రియలు రేపు పొద్దున్న.

ఇంగ్లండులో మా ఓల్డమ్ వైపు వీధుల్లో ముందు తలుపు వాడకానికి కాదు. బొగ్గూ, పాలూ, పిల్లలూ, చుట్టాలూ, అలిగి వెళ్ళినవాళ్ళూ, అలక తీరి తిరిగొచ్చినవాళ్ళూ అందరూ వెనక సందులోంచే. ముందు తలుపు పెళ్ళికూతురికీ, పాస్టరుగారికీ, శవానికీ. అందుకే హోయిల్ వాళ్ళ గుమ్మం కుంగుతోందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. రోజూ తీసే తలుపైతే బిగుసుకుంటోందని మొదటి చలికాలమే తిట్టుకునేవాళ్ళు. క్లిఫర్డ్ భార్య ఆగ్నెస్ వారం వారం గడప రుద్ది కడిగేది, తలుపు తళతళలాడేట్టు తుడిచేది. తల ఎత్తి పైకి చూసే పని మాత్రం పెట్టుకోలేదు. ఇంటి పరువు గడపలో ఉంటుంది కానీ పైనున్న ఇటుకల్లో ఉంటుందని మాకెవరు చెప్పారు కనక?

మధ్యాహ్నం క్రాపర్ వచ్చాడు. మా పేటలో శవసంస్కారాలన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. నల్లకోటుతో, టోపీ చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో రేపటి భోజనాలకి పంది మాంసం హామ్ ఉడుకుతోంది. ఆగ్నెస్ గరిటెతో పైన తేలిన నురుగు తీస్తోంది. ఆయన వచ్చాడని తెలిసీ ఆవిడ వెనక్కి తిరగలేదు.

క్రాపర్ మెత్తగానే చెప్పాడు. వెనక నుంచి తీసుకెళ్ళడం తప్ప దారి లేదు. ముందు గదిలోంచి వంటింట్లోకి వచ్చేచోట, మెట్ల పక్కన మలుపు ఇరుకు. ఇటు వంటింటి అల్మరా అడ్డం. పెట్టె పడుకోబెట్టి తిప్పలేరు. కాస్సేపు, ఒక్క నిమిషం, నిలబెట్టాలి. ఆయన మనుషులు అలవాటున్నవాళ్ళే, ఎవరూ చూడకుండా తలుపు మూసి ఆ పని కానిస్తారు.

ఆగ్నెస్ గరిటె గిన్నె అంచుకి ఆనించి పెట్టింది.

"మిల్లులో పొద్దస్తమానం నిలబడే ఉన్నాడాయన. ఇంక నిలబెట్టడానికి నేనొప్పుకోను."

"నాకు తెలుసమ్మా."

"మా అత్తగారు ముందు నుంచే వెళ్ళింది. మామగారూ అంతే. వెనక తలుపులోంచి ఈ ఇంట్లోంచి బూడిద పోయింది, చెత్త పోయింది. మనిషి పోలేదు."

క్రాపర్ ఇంకేం వాదించలేదు. వాయిదా వేసుకుంటామంటే శ్మశానంలో మళ్ళీ వేళ దొరకడానికి వారం పైన పడుతుందనీ, ఆ గోడ అన్నాళ్ళు ఆగేట్టు లేదనీ మాత్రం అన్నాడు. సాయంత్రంలోగా కబురు చెయ్యమని, వచ్చిన వెనక తలుపులోంచే వెళ్ళిపోయాడు.

వంటింట్లో ఇంకో ముగ్గురున్నారు. కూతురు బెరిల్ బల్ల దగ్గర రొట్టె ముక్కలకి వెన్న రాస్తోంది. రాసిన దానికే మళ్ళీ రాస్తోంది. ఆమె మొగుడు డెరిక్ వెనక మెట్టు మీద, గుమ్మానికి వీపు ఆనించి, చల్లారిపోయిన టీ కప్పు పట్టుకుని కూచున్నాడు. కీత్ మెట్ల కింద నిలబడి, మూసి ఉన్న ముందు గది తలుపు వంక చూస్తున్నాడు.

కీత్ బస్సు డ్రైవరు. పక్క ఊళ్ళో కాపురం. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో తండ్రి చెయ్యి పట్టుకుని కూచున్నది అతనే. ఇంటికి తీసుకెళ్ళి ఇంట్లోంచే దర్జాగా పంపిస్తానని మాటిచ్చిందీ అతనే. నిన్న ఆ తలుపు అంత విసురుగా లాగిందీ అతనే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను మర్చిపోయినట్టూ లేడు.

డెరిక్ కిటికీలు బిగించేవాడు. ఈ ఇంటికీ, ఈ వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ పాత కర్ర తలుపులూ కిటికీలూ తీసేసి తెల్ల ప్లాస్టిక్‌వి పెట్టింది అతని చెయ్యే. పొద్దుటి నుంచి మా వీధిలో తమాషా ఏమిటంటే, ఎప్పుడూ ముందుకి రానివాళ్ళు కూడా ముందు తలుపులు తెరుచుకుని బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, తమ తమ గుమ్మాల నెత్తికేసి చూసుకుంటున్నారు. చూసుకుని, హోయిల్ వాళ్ళ జాకీల వంక చూసి, లోపలికి వెళ్ళిపోతున్నారు. డెరిక్ పాలకోసం వెళ్తే కొట్టు దగ్గర మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆపేశారట. ఆ సంగతి బెరిల్‌కి కూడా చెప్పలేదతను. కొట్టువాడి భార్య మాకు చెప్పింది.

"నీ చేతిపని చూసుకున్నావా డెరిక్?" కీత్ చివరికి అన్నాడు. గొంతు పెంచలేదు. "మా నాన్న సొంత ఇంట్లో ఇరుక్కుపోయాడు."

డెరిక్ కప్పులోకి చూశాడు.

"పైన లింటెల్ లేకుండా గుమ్మం ఎవడైనా పెడతాడా? బస్సు తోలుకునేవాణ్ణి, నాకే తెలుస్తోంది. వీధంతా ఇదే నిర్వాకమా?"

"మిగతా ఇళ్ళన్నిటికీ వేశాను."

"మరి మేమేం పాపం చేశాం?"

దానికి డెరిక్ దగ్గర జవాబు ఉన్నట్టే కనిపించింది. పెదవి కదిలింది కూడా. మళ్ళీ మూసేసుకున్నాడు. ఆగ్నెస్ గిన్నె మీద మూత సర్దింది.

పాత కర్ర దర్వాజా జానెడు మందం ఉండేదనీ, తాతల నాటి నుంచి ఇటుకలన్నిటినీ మోస్తూ వచ్చింది అదేననీ, దాన్ని రంపంతో కోసి పారేసి బోలు ప్లాస్టిక్ పెట్టినవాణ్ణి ఏమనాలో తనకి తెలుసుననీ కీత్ చెప్పుకుంటూ పోయాడు. పొద్దున్న జాకీల మనిషి చెప్పిన మాటలే అవి. అప్పటికి వాటికి పదును పెట్టుకున్నాడు. సొంత చుట్టం కదా, అడిగేవాడెవడు అనుకున్నావా అన్నాడు. పని తేలిగ్గా తేలిపోవాలని చూశావన్నాడు. ఒక్కొక్క మాటకీ బెరిల్ చేతిలో కత్తి ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది.

"ఇంక చాలు కీత్," అంది ఆమె అలసటగా. "నిన్నటి నుంచీ ఎవరికీ కంటిమీద కునుకు లేదు."

"నువ్వు నీ మొగుణ్ణి వెనకేసుకురావాల్సిందే లే."

"నేనెవర్నీ వెనకేసుకురావట్లేదు. నాకు ఓపిక లేదు, అంతే."

"సరే. ఒక్కటి చెప్తున్నా. రేపు ఇతను పెట్టె ముట్టుకోకూడదు."

పెట్టె మొయ్యడానికి ఆరుగురు. క్రాపర్ మనుషులు నలుగురు, కొడుకు, అల్లుడు. క్లిఫర్డ్ బతికుండగానే అలా అనుకున్నారు. డెరిక్ కప్పు మెట్టు మీద పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఆగ్నెస్ ఏమైనా అంటుందేమోనని బెరిల్ తల్లి వంక చూసింది. ఆగ్నెస్ గిన్నెలోకి చూస్తోంది. మూత వేసిన గిన్నెలో చూడ్డానికి ఏముంటుందో మరి.

బెరిల్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని అతని వెనకే వెళ్ళింది.

పెరడంటే నాలుగు అడుగుల రాతి నేల, బొగ్గుల కొట్టు, చెత్త డబ్బా, బట్టలు ఆరేసే తాడు. డెరిక్ జేబులోంచి కొలత టేపు తీసి సందు గుమ్మం వెడల్పు కొలుస్తున్నాడు. ఎందుకు కొలుస్తున్నావని ఆమె అడగలేదు. చేతులకి ఏదో పని కావాలి, అంతేనని ఆమెకి తెలుసు.

"లింటెల్ వెయ్యాలని నీకు తెలీదా?" అంది.

"తెలుసు."

"మరి?"

"వదిలెయ్ బెరిల్."

"వీధి వీధంతా నిన్ను వేలెత్తి చూపిస్తోంది. రేపణ్ణుంచి నీ చేత కిటికీ కాదు కదా, మేకు కూడా కొట్టించుకోరు. వదిలెయ్ అంటావేంటి?"

అతను టేపు వదిలాడు. అది సర్రుమని లోపలికి వెళ్ళిపోయింది.

"అప్పుడు నేను చెప్పాను, వద్దన్నారు. నేనూ గట్టిగా నిలబడలేదు. నిలబడాల్సింది. తప్పు నాదే."

"ఎవరు వద్దన్నారు?"

డెరిక్ వంటింటి కిటికీ వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నాడు. ఆ చూపు బెరిల్ వేరేగా అర్థం చేసుకుంది. తండ్రి సంగతి ఆమెకి తెలుసు. ఇంట్లో దుమ్ము రేగితే దగ్గు, మేస్త్రీలు తిరుగుతుంటే చిరాకు. రెండు రోజుల పని ఒక్క రోజులో కానిచ్చెయ్యమనే రకం. చచ్చిపోయిన మనిషి మీద నేరం మోపలేక ఇతను మాటలు పడుతున్నాడు అనుకుంది. అంతలో ఆమెకి మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది, తండ్రి మీద కోపమూ వచ్చింది. పెట్టెలో ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసింది.

ఆమె విసవిసా లోపలికొచ్చింది. కీత్ బల్ల దగ్గర కూచుని ఉన్నాడు. ఆగ్నెస్ అతని ముందు టీ పెడుతోంది.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. తలుపు పెట్టించినప్పుడు లింటెల్ వద్దంది నాన్నేనా?"

కీత్ తల ఎత్తాడు.

ఆగ్నెస్ చేతిలో పాలచెంబు ఉంది. కీత్ కప్పులో పాలు పోసింది. చక్కెర వేసింది. చెంచాతో కలిపింది. కొడుకుకి టీ కలిపి ఇచ్చే అలవాటు ఆవిడకి అతని పెళ్ళి నాటి నుంచే పోయింది. ఇవాళ మళ్ళీ ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియలేదు.

అవునంటే సరిపోయేది. క్లిఫర్డ్ లేచి వచ్చి కాదనడు. కీత్ గొణిగి ఊరుకునేవాడు. డెరిక్ పరువు దక్కేది. ఆవిడ పరువూ దక్కేది. రేపు పదిమందిలో తల ఎత్తుకుని నిలబడేది. పోయిన మొగుడి గురించి ఆ ఒక్క ముక్క ఒప్పుకుంటే చాలు, ఇల్లు సర్దుకుంటుంది. డెరిక్ పెరటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దని.

"మీ నాన్న కాదు," అంది ఆగ్నెస్. "నేను."

ఆవిడ కుర్చీ లాక్కుని కూచుంది. చెప్పింది కొంచెమే. తలుపు మార్చిన ఏడు పెంతెకొస్తు పండగకి చర్చీల ఊరేగింపు మా వీధిలోంచి తిప్పారు. బ్యాండు మేళాలు, జెండాలు, తెల్ల గౌన్లలో పిల్లలు, ఊరు ఊరంతా ఇళ్ళ ముందు నిలబడి చూసే రోజది. పక్కిళ్ళన్నీ తెల్ల తలుపులతో మెరుస్తుంటే తన తలుపు ఒక్కటే రంగు ఊడి, చీకి పోయి ఉంది. డెరిక్ వచ్చి చూసి, కర్ర తీస్తే ఇటుకలకి ఆధారం ఉండదు, గోడ తవ్వి ఇనప లింటెల్ వెయ్యాలి, ఇప్పుడు మొదలుపెడితే పండగ నాటికి పూర్తి కాదు, పండగ వెళ్ళాక పెట్టుకుందాం అన్నాడు.

"ఊరేగింపు నాటికి గుమ్మం మీద గోడ తవ్వి ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నాను. తలుపూ కిటికీ ముందు పెట్టెయ్, ఆ ఇనుము సంగతి తరవాత చూద్దాం అన్నాను. పెట్టకపోతే ఇంకొకణ్ణి పిలుస్తానన్నాను. తరవాత ఆ అబ్బాయి రెండుసార్లు అడిగాడు. ఇప్పుడు దుమ్మెందుకు, నిలబడే ఉందిగా అన్నాను."

"ఇందాకంతా నేను అతన్ని అన్ని మాటలంటుంటే వింటూ కూచున్నావా?" అన్నాడు కీత్.

"విన్నాను."

"నిన్నటి నుంచీ తెలిసి కూడా?"

"నిన్నటి నుంచీ తెలుసు. సిగ్గేసింది. చెప్పలేకపోయాను."

బెరిల్ ముక్కు ఎగబీల్చింది. డెరిక్ వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక, అల్మరా పక్కన నిలబడ్డాడు. చేతికి అందింది కదా అని టేపు లాగి దాన్ని కొలిచాడు. మలుపు దగ్గర నేల కొలిచాడు. మళ్ళీ అల్మరా కొలిచాడు.

"ఇది ఊడదీసేస్తే పెట్టె నిలబెట్టక్కర్లేదు," అన్నాడు నెమ్మదిగా, ఎవరితోనూ కాకుండా. "పడుకోబెట్టే తిప్పొచ్చు. గంట పని."

"వెనక నుంచి వద్దు," అన్నాడు కీత్ వెంటనే. "అమ్మ ఇష్టం అది. ముందు నుంచే వెళ్తాడు. ఇంకో నాలుగు జాకీలు తెప్పిస్తా. నేనే పట్టుకుని నిలబడతా."

ఆగ్నెస్ కొడుకు వంక చూసింది. ఎంత కష్టపడుతున్నాడో ఆవిడకి కనిపిస్తూనే ఉంది. జాలేసింది. అయినా ఆవిడ మనసు ఇంకెక్కడో ఉంది.

"ఆ కొత్త తలుపు మీ నాన్న ఎన్నిసార్లు తీశాడో తెలుసా?" అంది. "ఒక్కసారీ తియ్యలేదు. పెట్టిన రోజున వీధిలోంచి చూసి, బావుందే అన్నాడు. మళ్ళీ సందులోంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆ మెట్టు మీద కూచుని బూట్లు విప్పాడు. బతికినన్నాళ్ళూ అలాగే వచ్చాడు, అలాగే వెళ్ళాడు. నిన్న మనం మోసుకొచ్చినప్పుడే ఆయన మొదటిసారి దాంట్లోంచి రావడం."

ఆవిడ పాలచెంబు పక్కకి జరిపింది.

"అది నా తలుపురా కీత్. ఆయనది ఇది."

వెనక తలుపు వైపు చెయ్యి చూపించింది. తలుపు ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది. పెరట్లో తాడు మీద క్లిఫర్డ్ చొక్కా ఇంకా ఆరుతోంది. తీసే తీరిక ఎవరికీ లేకపోయింది.

"క్రాపర్‌కి కబురు చెయ్యి," అంది బెరిల్‌తో. "వెనక నుంచి అని చెప్పు. సందు మలుపు తిరిగి వీధి మొదటి నుంచి, భుజాల మీద తీసుకెళ్ళాలని చెప్పు. చాటుగా కాదు. చూసేవాళ్ళు చూస్తారు. డెరిక్, నువ్వు తల వైపు పట్టుకో నాయనా. అడిగినవాళ్ళకి ఆ గోడ సంగతి నేను చెప్తాను. అడగనివాళ్ళకీ చెప్తాను."

డెరిక్ తల ఊపాడు.

కీత్ లేచాడు. ఆవిడ కలిపి ఇచ్చిన టీ ముట్టుకోలేదు. అతని మొహం నెత్తురు చుక్క లేకుండా ఉంది. తండ్రికిచ్చిన మాట ఒకటి, తల్లి అన్న మాట ఒకటి, తను అన్న మాటలు మరో బుట్టెడు. వాటిలో ఏది ముందు దించుకోవాలో తెలియని మనిషి మొండితనం వైపే జరుగుతాడు.

"నువ్వు ఇన్నాళ్ళూ అబద్ధమాడింది ఈ వీధి కోసం," అన్నాడు. "ఇప్పుడు నాన్నని చెత్తడబ్బాల పక్కనుంచి పంపిస్తున్నది కూడా నీ మనసు తేలికపడ్డం కోసమే. నేను మాటిచ్చాను. వెనక నుంచైతే నేను మొయ్యను."

అని కోటు తీసుకున్నాడు.

బెరిల్ అతని చెయ్యి పట్టుకోబోయింది. వదిలించుకున్నాడు. కోపంగా కాదు, అలసటగా. పెట్టెకి ఒక పక్క మనిషి తగ్గితే అది ఒరుగుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. క్రాపర్ దగ్గర రేపటికి ఇంకో మనిషి లేడనీ తెలుసు.

ఆగ్నెస్ ప్రాధేయపడుతుందనుకున్నారు. తిడుతుందనుకున్నారు. ఆవిడ బల్ల మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా లేచింది.

"అయితే నీ చోట నేను పట్టుకుంటాను," అంది.

"అమ్మా, నీ నడుం—" అంది బెరిల్.

"నా నడుం సంగతి నాకు తెలుసు. మేడమీద నా మడమ లేని బూట్లున్నాయి, తెచ్చిపెట్టు."

బెరిల్ మెట్లెక్కింది. డెరిక్ మోకాళ్ళ మీద కూచుని అల్మరా మొదటి మరమేకు విప్పుతున్నాడు. కీత్ ఒక చెయ్యి కోటు చేతిలో దూర్చి, రెండో చెయ్యి దూర్చకుండా, వెనక గుమ్మంలో అటూ ఇటూ కాకుండా నిలబడిపోయాడు. ఆగ్నెస్ అతని వంక చూడలేదు. పొయ్యి దగ్గరికెళ్ళి, రేపటి బరువు ఇప్పుడే చూసుకుంటున్నట్టు, ఆ పెద్ద గిన్నెని రెండు చెవులూ పట్టుకుని ఒక్కతే ఎత్తడానికి ప్రయత్నిస్తోంది.